లాగ్‌బుక్‌లో లేని పదకొండు నిమిషాలు

యాభై ఏళ్లు విమానం నడిపి ఒక్క ప్రమాదమైనా చెయ్యని మనిషికి కూతురు ఏం కానుక ఇవ్వగలదు? హైమవతి ఏడాదిపాటు ఆలోచించింది. చివరికి, ఆయన ఆకాశంలో గడిపిన ప్రతి నిమిషాన్నీ ఆయన చేతిలో పెట్టాలని నిశ్చయించుకుంది.

ఆమె తండ్రి అచ్యుతరాజుకి డెబ్బై ఎనిమిదేళ్లు. జనపనార మిల్లు యజమానుల ఇంట్లో పుట్టి, ఇరవై ఎనిమిదో ఏట సరదాకి విమానం నేర్చుకున్నాడు. మిల్లు మూతపడ్డాక కూడా ఆ సరదా పోలేదు. విజయనగరానికి ఇరవై మైళ్ల అవతల, నెలివాడ మెట్టమీద, యుద్ధకాలంలో వేసి వదిలేసిన రన్‌వే ఒకటుండేది. దాన్ని బాగుచేయించుకుని అక్కణ్ణించే తన నాలుగు సీట్ల విమానాన్ని ఎగరేసేవాడు. యాభై ఏళ్లూ అదే విమానం. రెండుసార్లు ఇంజను మార్చాడు గాని ఒళ్లు మార్చలేదు. దాని పేరు ‘పిచ్చిక’. ఆయన లాగ్‌బుక్కుల్లో మూడువేల తొమ్మిదివందల పన్నెండు ప్రయాణాలు, గుండ్రటి చేతిరాతతో, తేదీలతో సహా ఉన్నాయి. ఏ ఒక్కదాని ఎదురుగానూ ‘ప్రమాదం’ అన్న మాట లేదు. ఫ్లయింగ్ క్లబ్బువాళ్లు డిసెంబరు మొదటి ఆదివారం ఆ మెట్టమీదే సన్మానం పెట్టారు.

హైమ హైదరాబాదులో లోహాల శాస్త్రవేత్త. సన్మానానికి నెల్లాళ్ల ముందు ఆమె ఒక పెట్టె, నాలుగు కట్టల వైర్లు పట్టుకుని విమానం నిలిపే హ్యాంగర్‌కి వచ్చింది. విమానం కింద బోర్లా పడుకుని, ఎడమ చక్రాన్ని మోసే ఉక్కు కాలికి బొత్తాల్లాంటి సెన్సర్లు అంటిస్తూ ఉంటే అచ్యుతరాజు పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాడు.

“ఇది ఏం చేస్తుందమ్మా? గీరుతుందా?”

“గీరదు నాన్నగారూ. చిన్న శబ్దం పంపుతుంది, అంతే. లోహం మీద పడ్డ ప్రతి బరువూ లోపల ఓ ముడత పెడుతుంది. దానిమీద మరోటి. శబ్దం ఆ ముడతలన్నిట్నీ తడుముకుంటూ పోతుంది. మీరెప్పుడెప్పుడు లేచారు, ఎప్పుడు దిగారు, ఎంత బరువుతో దిగారు, గాలి ఎక్కడ ఊపింది, అన్నీ వరసగా చెప్పేస్తుంది.”

“అయితే నేను దబ్బున దింపినవన్నీ బయటపడతాయన్నమాట.”

“యాభై ఏళ్లవీ!”

ఆయన కడుపారా నవ్వాడు. ఆ నవ్వులో ఎక్కడా బెరుకు లేదు. తర్వాతి రోజుల్లో హైమను అన్నిటికంటే భయపెట్టింది ఆ నవ్వే.

పైడమ్మ టీ తెచ్చింది. అరవై దాటిన మనిషి. రన్‌వే తుడవడం, హ్యాంగర్ కడగడం, వచ్చినవాళ్లకి టీలివ్వడం ఆమె పని. ఆమె భర్త అప్పలస్వామి ఒకప్పుడు ఇక్కడే వాచ్‌మన్. ముప్పై ఆరేళ్ల కిందట రెండు పెట్రోలు డ్రమ్ములు ఎత్తుకుని పారిపోయాడని అచ్యుతరాజు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు పైడమ్మ గుడిసె నేలంతా తవ్విపోశారు. ఏమీ దొరకలేదు. మనిషీ దొరకలేదు. ఆ తర్వాత అచ్యుతరాజే ఆమెను పిలిచి పనిలో పెట్టుకున్నాడు. దొంగ పెళ్లానికి అన్నం పెట్టిన పుణ్యాత్ముడని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకున్నాయి.

“ఈ తీగలేటి సిన్నమ్మగోరూ? ఇమానానికి జొరమొచ్చిందేటి?” అంది పైడమ్మ.

“పాత సంగతులు అడుగుతున్నానమ్మా దాన్ని.”

“సెప్తాదా?”

“అన్నీ చెప్తుంది.”

మూడు రోజులకు పని ముగించి హైమ హైదరాబాదు వెళ్లింది.

ఆమె ప్రయోగశాలలో మస్తాన్‌వలీ అనే ఇంజనీరు ఉన్నాడు. యంత్రాన్ని కట్టింది ఆమె అయితే దానికి చదవడం నేర్పింది అతను. నలభై ఏళ్లుంటాయి, మాట తక్కువ. మొదటి వారమంతా ఇద్దరికీ పండగలా గడిచింది. తెరమీద గీత పాకుతూ వస్తుంటే హైమ పక్కన లాగ్‌బుక్కు పెట్టుకుని సరిచూసుకునేది. ఇదిగో, నాన్న మొదటిసారి ఒంటరిగా దిగిన రోజు, చక్రం మూడుసార్లు ఎగిరిపడింది. ఇదిగో, పెళ్లయిన నెలకి అమ్మని ఎక్కించుకున్న రోజు, దూది మీద దింపినట్టు దించాడు. అమ్మ పోయి పదేళ్లయింది. ఆమె బరువు ఇంకా ఆ ఉక్కులో ఉంది. హైమ ఆ గీత ముందు చాలాసేపు కూర్చుండిపోయింది.

ఎనిమిదో రోజు మస్తాన్ ఆమెను పిలిచాడు.

“మేడమ్, లెక్క కుదరడం లేదు. పుస్తకంలో మూడువేల తొమ్మిదివందల పన్నెండు. ఉక్కులో ఒకటి ఎక్కువుంది.”

“ఎక్కడ?”

“ఎనభై తొమ్మిది నవంబరు. తొమ్మిదో తారీఖు ఎంట్రీకి, ఇరవయ్యో తారీఖు ఎంట్రీకి మధ్య. అందులో...” అతను ఆగాడు. “ఒక దెబ్బ ఉంది. నేలది కాదు.”

హైమ గీతను దగ్గరికి తెచ్చి చూసింది. నేల తగిలితే గీత కింది నుంచి పైకి లేస్తుంది. ఇది ముందు నుంచి వెనక్కి తోసింది. అలాంటి ఆకారాన్ని వాళ్లిద్దరూ అంతకుముందు ఒకేసారి చూశారు, ప్రమాదం చేసిన ఒక బస్సు ఇరుసులో. మెత్తని బరువు. అరవై కిలోలకి అటూ ఇటూ.

“దూడేమో,” అంది హైమ.

మస్తాన్ బస్సు ఇరుసు గీతను తెచ్చి దాని పక్కన పెట్టాడు.

ఆమె ఆ సాయంత్రమే రైలెక్కింది. తెల్లవారి ఇంటికి చేరేసరికి అచ్యుతరాజు వరండాలో పచార్లు చేస్తూ సన్మానంలో చదవాల్సిన ఉపన్యాసం వల్లెవేస్తున్నాడు. ఆమె కాగితం ఆయన ముందు పరిచి, తేదీ చెప్పి, దెబ్బ చూపించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ముందు కుక్క అన్నాడు. కుక్క అరవై కిలోలుండదని ఆమె అంది. ఆయన కళ్లద్దాలు తీసేశాడు.

“నీకు నాలుగేళ్లు. గొంతు వాచిపోయి ఊపిరాడక నీలం తిరిగిపోయావు. విశాఖపట్నం ఆసుపత్రికి కారులో వెళ్తే దారిలోనే పోతావన్నాడు డాక్టరు. మీ అమ్మ నిన్ను ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. పొద్దున్నే మంచు. రన్‌వే మీద ఆవులుంటే తోలడానికి అప్పలస్వామి అడ్డంగా పరిగెత్తాడు. తగిలాడు. ఆగితే నువ్వు పోతావు. చెప్పు, ఆగనా?”

హైమ మెట్టు మీద కూర్చుంది.

“మర్నాడు తిరిగొచ్చి చూశాను. ప్రాణం లేదు. తూర్పు చివర కాంక్రీటు వెయ్యడానికి తవ్వించి పెట్టిన గొయ్యి ఉంది. ఇంకేం చెయ్యను? కేసయితే లైసెన్సు పోయేది, మీ అమ్మ బతికేది కాదు.”

“మరి పెట్రోలు?”

“ఏదో ఒకటి చెప్పాలి కదమ్మా.” ఆయన వచ్చి ఆమె తలమీద చెయ్యి వేశాడు. “నీకోసమే హైమా. నువ్వు బతకాలని.”

ఆ తర్వాతి పది రోజులూ హైమ ఎలా గడిపిందో ఆమెకే తెలీదు. అన్నం ముద్ద ఎత్తితే, ఈ ముద్ద ఒక మనిషి చావు మీద తింటున్నాననిపించేది. చదువు, ఉద్యోగం, ఇన్నేళ్ల ఊపిరి, ఇవన్నీ ఎవరో ఇచ్చిపోయినట్టు తోచేది. పైడమ్మ నుదురు గుర్తొచ్చేది. ఆ మొగుడికోసం ఇవాళ్టికీ బొట్టు పెట్టుకుంటుంది ఆవిడ. చెప్పేద్దామనుకుంటే, చెప్పే నోరు ఎవరిది? ఎవరికోసమైతే అతను పోయాడో ఆ పిల్లది. చివరికి ఆమె హైదరాబాదు వెళ్లి మస్తాన్‌తో, ఆ ప్రయాణాన్ని తీసేసి కానుక సిద్ధం చెయ్యమని చెప్పింది. లోహం అబద్ధం చెప్పదని దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన మనిషే ఆమె.

“తీసేస్తాను మేడమ్,” అన్నాడు మస్తాన్. “మీరొక్కసారి పూర్తిగా చదివాక. నేను మళ్లీ సన్నంగా చదివించాను. మీరిది చూడకుండా తీసేస్తే రేపు మీ మొహం నేను చూడలేను.”

అతను తెరమీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించాడు. ప్రయాణం మొత్తం పదకొండు నిమిషాలు. అంతసేపట్లో విశాఖపట్నం పోలేరు. విమానంలో ఉన్న బరువు ఒక్క మనిషిది. వెనక సీట్లు ఖాళీ. గాలిలోకి లేచాక విమానం మూడుసార్లు నిట్టనిలువుగా కిందికి వచ్చి, నేలకి మనిషెత్తున సాగి, మళ్లీ లేచింది. ఒకదానికంటే ఒకటి తక్కువ ఎత్తులో. మూడోసారి దెబ్బ. ఆ తర్వాత దిగింది.

“దిగాక ఇంజను ఆపలేదు మేడమ్. ఆ అదురు ఉక్కులో అలాగే ఉంది. కదలకుండా, ఒకేచోట, ఇరవై నిమిషాలు.”

“మరి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది?”

“అది ఇరవయ్యో తారీఖు ఎంట్రీ. పుస్తకంలోనూ ఉంది, ఉక్కులోనూ ఉంది. మీ అమ్మగారి బరువు, మీ బరువు. చాలా నెమ్మదిగా దించారు ఆ రోజు.”

హైమ ఏడవలేదు. పది రోజులుగా మోస్తున్న బరువు ఏదో అప్పుడు దిగింది. దాని స్థానంలో వచ్చినదానికి ఆమెకు పేరు తెలియలేదు.

సన్మానం రోజు మెట్టమీద షామియానాలు లేచాయి. క్లబ్బు పెద్దలు, జిల్లా అధికారులు, ఒక పోలీసు డీఎస్పీ, పాత మిల్లు కార్మికులు వచ్చారు. అచ్యుతరాజు తెల్లటి యూనిఫాం వేసుకున్నాడు. ఉపన్యాసంలో, ఎగరడమంటే బాధ్యత అన్నాడు. పైడమ్మను వేదికమీదికి పిలిచి శాలువా కప్పించాడు. “దీని మొగుడు నన్ను మోసం చేశాడు. నేను దీన్ని వదిలెయ్యలేదు,” అన్నాడు మైకులో. జనం చప్పట్లు కొట్టారు. పైడమ్మ శాలువాతో మొహం కప్పుకుని కిందికి దిగిపోయింది.

తర్వాతది ఆయన విమానంలో మెట్ట చుట్టూ ఒకసారి తిరిగి రావడం. హైమ హ్యాంగర్‌లో ఆయనకు ఎదురు నిలిచింది.

“అమ్మ బరువు లేదు నాన్నగారూ. నా బరువు లేదు. మీరొక్కరే ఉన్నారు.”

ఆయన చేతికి తొడుగులు తొడుక్కుంటున్నాడు. ఆగలేదు.

“మూడుసార్లు అతని మీదికి ఎందుకు వచ్చారు?”

“స్నేహితులొచ్చినప్పుడు చేసి చూపించేవాణ్ణి. విమానం వస్తుంటే వాడు బోర్లా పడుకునేవాడు. చూడ్డానికి తమాషాగా ఉండేది. వాడూ నవ్వేవాడు.”

“ఆ రోజు స్నేహితులెవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“మరెందుకు చేశారు?”

ఆయన కాస్త ఆలోచించాడు. “ఊరికే,” అన్నాడు. “రెండుసార్లు పడుకున్నాడు. అయిపోయిందనుకున్నాడు గావును. లేచి నిలబడి నాకు దండం పెట్టాడు.”

“ఇంజను ఆపకుండా ఇరవై నిమిషాలు ఏం చేశారు?”

ఆయన రెండో తొడుగు బిగించుకున్నాడు.

“అతను బతికే ఉన్నాడు కదూ? మీరు లోపల కూర్చుని, అతను పోయేదాకా కాచుకున్నారు.”

“పెద్దగా అరవలేదు,” అన్నాడు ఆయన. “ఇంజను చప్పుడుంది కదా.” మెట్టుమీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. “వెళ్లి చెప్పుకో. ఆ పెట్టె ఇంకా పరీక్షల దశలోనే ఉంది. నా మాట ముప్పై ఆరేళ్లుగా ఈ జిల్లా అంతా నమ్మింది.”

“నన్నెందుకు మధ్యలోకి లాగారు? అతని చావు నా నెత్తినెందుకు పెట్టారు?”

“అలాగైతే నోరు మూసుకుంటావనుకున్నాను,” అని ఆయన తలుపు వేసుకున్నాడు.

విమానం లేచింది. హైమ షామియానా వెనక్కి వెళ్లింది. పైడమ్మ అక్కడ గ్లాసులు కడుగుతోంది. హైమ ఆమె పక్కన నేలమీద కూర్చుని, దాచకుండా, తగ్గించకుండా, అంతా చెప్పింది. పైడమ్మ చేతిలో గ్లాసు చాలాసేపు తిరుగుతూనే ఉంది. తర్వాత ఆగింది.

“ఏ మూల?”

హైమ తూర్పు చివర చూపించింది.

పైడమ్మ లేచి, చేతులు కొంగుకి తుడుచుకుని, ఎర్రటి ఎండలో రన్‌వే మీద నడిచి వెళ్లింది. ఆ చివర, కాంక్రీటు అతుకు మీద, కాళ్లు చాపుకుని కూర్చుంది. మైకులో ఎవరో ఆమెను లేవమని కేకలేశారు. విమానం అప్పటికే మలుపు తిరిగి తూర్పు నుంచి దిగుతోంది. దగ్గరికి వచ్చి, ఆమెను చూసి, పైకి లేచిపోయింది. రెండోసారి వచ్చింది. చక్రాలు ఆమె తలమీదుగా పోయాయి. ఆమె తల వంచలేదు. విమానం ఆమెను దాటి, సగమే మిగిలిన రన్‌వే మీద దిగి, అటు చివర కంచెకు రెండు బారల దూరంలో నిలబడిపోయింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. “చూశారా! ఎదురుగా మనిషి అడ్డం వచ్చినా చీమకైనా తగలనివ్వలేదు. ఇదీ యాభై ఏళ్ల అనుభవం!” అని మైకు అరిచింది.

హైమ మస్తాన్ తీసిచ్చిన కాగితాలు తీసుకెళ్లి డీఎస్పీ చేతిలో పెట్టింది. ఆయన మర్యాదగా నవ్వి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికల్లా కూతురికీ తండ్రికీ ఆస్తి తగాదా అని, చదివి చదివి మతి పోయిందని మాటలు పుట్టాయి. హైమ కోర్టుకి వెళ్లింది. రెండు నెలలు తిరిగింది. చివరికి ఒక మెజిస్ట్రేటు, తవ్వితే పోయేదేముందని ఉత్తరువు ఇచ్చాడు.

కాంక్రీటు పగలగొట్టిన రోజు మధ్యాహ్నానికి ఎముకలు బయటపడ్డాయి. వాటి మధ్య అప్పలస్వామి నడుముకి ఉండే, మిల్లు పేరు చెక్కిన ఇత్తడి బెల్టు బిళ్ల ఉంది. తుంటి విరిగింది, ఎడమ తొడ ఎముక రెండు ముక్కలైంది. పుర్రెకు దెబ్బ లేదు. అక్కడికక్కడే పోయే గాయాలు కావవి అని డాక్టరు రాశాడు.

అచ్యుతరాజుకి వయసు చూసి వారంలో బెయిలు దొరికింది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, పొద్దున్నే వరండాలో పచార్లు చేస్తాడు. సన్మానం వెనక్కి తీసుకోమని హైమ క్లబ్బుకి రాస్తే, ఆ ప్రయాణం లాగ్‌బుక్కులో నమోదు కాలేదు గనుక రికార్డు మీద దాని ప్రభావం ఉండదని జవాబు వచ్చింది. సొంత విమానాలున్న వాళ్లంతా ఆమె యంత్రాన్ని హ్యాంగర్ల గడప తొక్కనివ్వలేదు. అయిదేళ్లకు మించి వెనక్కి వెళ్లి చదవకూడదని ఒక కమిటీ నియమం పెట్టింది. మస్తాన్ ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు.

ఎముకలు తీసిన రోజు సాయంత్రం, పోలీసులు వాటిని తెల్లగుడ్డ సంచిలో కట్టుకుని వెళ్లిపోయాక, పైడమ్మ గోతి అంచున కూర్చుంది. హైమ వెళ్లి పక్కన నిలబడింది.

“రోజూ తుడిసేదాన్ని కదమ్మా ఇదంతా,” అంది పైడమ్మ. “ఈ సివరికొచ్చేసరికి నడుం పట్టీసేది. ఇక్కడే కూలబడిపోయి ఆడ్ని తిట్టేదాన్ని. నన్నొగ్గీసి ఏ ముండ కొంపలో కులుకుతున్నావురా, నీ కాళ్లిరిగిపోను, నీకు దిక్కుమాలిన సావు రాను అని. ఒక్క పొద్దు మాన్లేదు. వోనొచ్చినా మాన్లేదు.” ఆమె గోతిలోకి చూసింది. “సరిగ్గా ఆడి మీదే కూకుని తిట్టీసినాను. ఇన్నాడేమో కదమ్మా?”

“లేదు పైడమ్మా. అతనికి వినపడి ఉండదు.”

పైడమ్మ తలెత్తి ఆమెను చూసింది. కోపంగా కాదు.

“పారిపోనాడని బాబుగోరు సెప్పేరు, నమ్మీసినాను. దొంగని పోలీసోళ్లు సెప్పేరు, నమ్మీసినాను. ఇప్పుడు నువ్వు సెప్తున్నావు.”

పైడమ్మ ఆమె వైపు మరి చూడలేదు. అంచు దాకా జరిగి, కిందికి వంగి, ఆ ఖాళీ గోతిలోకి మెల్లగా, ఒక్కొక్క మాటే, ఏదో చెప్పడం మొదలుపెట్టింది.